ఎలక్ట్రిక్ కారును వాటర్ సర్వీసింగ్‌కు ఇస్తున్నారా? ప్రెషర్ గన్‌తో జాగ్రత్త

కర్నూలు చుట్టుపక్కల ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్ళకూ, కొనబోతున్నవాళ్ళకూ ఈ హెచ్చరిక. కారును వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు ఛార్జింగ్ పోర్టులోకి గానీ, బానెట్ కింద గానీ ప్రెషర్ గన్ కొట్టనివ్వకండి. చెప్పి ఊరుకుంటే సరిపోదు, కడిగినంతసేపూ పక్కనే నిలబడండి. వాళ్ళు నిలబడనివ్వకపోతే కారు అక్కడ ఇవ్వకండి. మా కారు ఛార్జింగ్ పోర్టు ఇలాగే పాడైంది. వారంటీ రాదన్నారు, ఇన్సూరెన్స్ కూడా రాదన్నారు, అయిదంకెల బిల్లు చేతిలో పెట్టారు.

ఆదోని వెళ్ళి వస్తుంటే వాన పట్టుకుంది. రోడ్డు పనులు జరుగుతున్న చోట్ల నల్లరేగడి బురద చక్రాల గూళ్ళ నిండా చేరింది. మన వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, అది ఎండిందంటే గోకినా రాదు. అందుకే ఇంట్లో కడగకుండా ఊరి బయట ఒక సర్వీసింగ్ సెంటర్‌కు తీసుకెళ్ళాను. ఇది ఎలక్ట్రిక్ బండి, బాడీ వాష్ ఒక్కటే చేయండి, బానెట్ తెరవొద్దు అని కౌంటర్ దగ్గర స్పష్టంగా చెప్పాను. స్లిప్ మీద కూడా బాడీ వాష్ అనే రాసిచ్చారు. కడిగే చోటికి కస్టమర్లు రాకూడదని బోర్డు ఉంది, కూర్చోవడానికి కుర్చీలు బయట వేశారు. తాళం వాళ్ళ దగ్గరే ఉంది.

కాసేపటికి అనుమానం వచ్చి లోపలికి తొంగిచూస్తే బానెట్ ఎత్తి ఉంది, లోపలి నుంచి నీళ్ళు కారుతున్నాయి. కడిగే అబ్బాయి అప్పటికే ఛార్జింగ్ పోర్టు దగ్గరున్నాడు. బయటి మూత నొక్కితే తెరుచుకునే రకం. కారు లాక్ చేయలేదు కాబట్టి అది తెరుచుకుంది. లోపలి రబ్బరు మూత ఊడి పక్కకు వేలాడుతోంది. ఆ గుంతలో బురద కనిపించిందని గన్ మూతి జానెడు దూరం కూడా లేకుండా పెట్టి, నేరుగా పిన్నుల మీదికి కొడుతున్నాడు. నేను అరిచి ఆపించాను. అతను మాత్రం చాలా మామూలుగా, "ఏం కాదు సార్, అన్ని బండ్లకూ ఇట్లే కొడతాం. కింద డీజిల్ స్ప్రే కూడా కొట్టమంటారా, కొత్తదాని మాదిరి మెరుస్తాది" అన్నాడు.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. పెట్రోలు, డీజిల్ బండ్ల మీద నేర్చుకున్న పని అది. ఇంజన్ వాష్ చేస్తే కస్టమర్ సంతోషిస్తాడనే అతనికి నేర్పారు. ఎలక్ట్రిక్ బండ్లు కూడా కడుగుతామని డబ్బులు తీసుకునే యజమాని, పనివాళ్ళకు ఏది ముట్టుకోవచ్చో ఏది ముట్టుకోకూడదో చెప్పకపోవడమే నేరం. స్లిప్ మీద ఒకటి రాసి లోపల ఇంకొకటి చేయడం అంతకన్నా పెద్ద నేరం.

గాలి కొట్టించి, గుడ్డతో తుడిపించి ఇంటికి తెచ్చాను. రాత్రి ఎప్పటిలాగే 15 యాంప్ సాకెట్‌కు ఛార్జర్ పెడితే ఎర్ర లైటు వెలిగింది, డిస్‌ప్లే మీద ఛార్జింగ్ ఫాల్ట్ అని వచ్చింది. మర్నాడు ఫాస్ట్ ఛార్జర్ దగ్గరికి వెళ్తే అక్కడా అదే మాట. మిగిలిన ఛార్జ్ తగ్గిపోతుంటే కలిగే టెన్షన్ ఎలా ఉంటుందో ఈవీ నడిపేవాళ్ళకు తెలుసు. చివరికి రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు ఫోన్ చేశాను.

వాళ్ళు వచ్చేలోపు చుట్టూ చేరిన నలుగురూ, తాడు కట్టి లాక్కెళ్దామన్నారు. దయచేసి ఎలక్ట్రిక్ కారు విషయంలో ఆ పని చేయనివ్వకండి. మోటారు తిప్పే చక్రాలు నేల మీద దొర్లితే, మోటారు తిరిగి జనరేటర్‌లా కరెంటు పుట్టిస్తుంది. దానివల్ల మోటారు, కంట్రోలర్ కాలిపోయే ప్రమాదం ఉంది. నాలుగు చక్రాలూ పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ బండే కావాలని ఫోన్‌లోనే గట్టిగా అడగండి. నాకు మొదట పంపుతామన్నది ముందు చక్రాలు మాత్రమే ఎత్తే బండి. వద్దని పట్టుబట్టాను.

కారు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మెకానిక్ టార్చిలైటు వేసి పోర్టు లోపల చూపించాడు. మన దేశంలో ఇప్పుడొచ్చే కార్లలో ఎక్కువగా ఉండే సీసీఎస్2 పోర్టే మాదీ. పైన ఇంటి ఛార్జింగ్‌కు వాడే గుండ్రటి భాగం, కింద ఫాస్ట్ ఛార్జింగ్‌కు రెండు లావుపాటి పిన్నులు. ఆ రెండింటి మొదట్లో నల్లటి బురద పొర పేరుకుంది. పైభాగంలో ఒక చిన్న పిన్ను మీద అప్పుడే పచ్చటి చిలుము పట్టింది. ఛార్జర్, కారు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది అలాంటి చిన్న పిన్నుల ద్వారానే. అక్కడ తడి ఉన్నా, చిలుము ఉన్నా కారు ఛార్జింగ్ మొదలుపెట్టదు. పోర్టు అడుగున నీళ్ళు బయటికి పోవడానికి ఒక సన్నటి దారి ఉంటుంది. వాన చినుకులు పడితే అందులోంచి కారిపోతాయి. గన్ దెబ్బకు బురద వెళ్ళి ఆ దారికే అడ్డం పడింది, దాంతో నీళ్ళు లోపలే నిలిచాయి. పోర్టు మొత్తం వైరింగుతో సహా మార్చాల్సి వచ్చింది. బానెట్ కింద పడిన నీళ్ళ వల్ల అదృష్టవశాత్తు ఏమీ కాలేదు, ఆరబెట్టి కనెక్టర్లు పరీక్షించి బాగానే ఉన్నాయన్నారు. విడిభాగం బయటి నుంచి రావాలి కాబట్టి కారు చాలా రోజులు అక్కడే ఉండిపోయింది.

ఇది చదివి ఎలక్ట్రిక్ కారుకు నీళ్ళు తగలకూడదేమో అని భయపడొద్దు. వానలో నిశ్చింతగా నడపవచ్చు, కడగవచ్చు కూడా. షోరూముల్లో బ్యాటరీకి ఐపీ67 రేటింగ్ (దుమ్ము, నీళ్ళ నుంచి ఎంత రక్షణ ఉందో చెప్పే అంకె) ఉందని గొప్పగా చెబుతారు, అది అబద్ధం కాదు. కాకపోతే దాని అర్థం తెలిసి ఉండాలి. అందులో 6 అంటే దుమ్ము లోపలికి పోదని. 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంచినా చెడిపోయేంత నీరు లోపలికి పోదని. అవి కదలకుండా నిలిచిన నీళ్ళు. మీటరు లోతులో నీటి ఒత్తిడి దాదాపు 0.1 బార్ మాత్రమే. సర్వీసింగ్ సెంటర్లలోని మెషిన్లు గన్ మూతి దగ్గర 100 బార్, అంతకన్నా ఎక్కువే ఇస్తాయి. నిలిచిన నీటి పరీక్ష పాసైనంత మాత్రాన జెట్ పరీక్ష పాసైనట్టు కాదు. దగ్గర నుంచి కొట్టే ప్రెషర్ జెట్‌కు వేరే రేటింగే ఉంది. దాన్ని 9 అంకెతో సూచిస్తారు. 80 డిగ్రీల వేడినీళ్ళను 80 నుంచి 100 బార్ ఒత్తిడితో, 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టి చూస్తారు. పైగా షోరూమువాళ్ళు చెప్పే ఐపీ67 బ్యాటరీ పెట్టెకు. ఛార్జింగ్ పోర్టుకు, బానెట్ కింద ఉన్న ప్రతి కనెక్టరుకు అదే రక్షణ ఉందని అనుకోకూడదు. నాకు ఈ తేడా బిల్లు కట్టాక గానీ ఎవరూ చెప్పలేదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది షోరూమువాళ్ళ తీరు. డెలివరీ రోజు కారుకు దండ వేసి, కొబ్బరికాయ కొట్టించి, పెద్ద తాళంచెవి బొమ్మ చేతికిచ్చి ఫోటో తీశారు. కారును ఎలా కడగాలో ఒక్క ముక్క చెప్పలేదు. మాన్యువల్ ఇంగ్లీషులో ఉంది, అదీ యాప్‌లో. అందులో ఛార్జింగ్ పోర్టు మీదికి, హై వోల్టేజ్ భాగాల మీదికి ప్రెషర్‌తో నీళ్ళు కొట్టకూడదని ఒక వాక్యం ఉంది. వారంటీ అడిగితే ఆ వాక్యం తెరిచి చూపించారు. బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ అని అమ్మేటప్పుడు పదిసార్లు చెప్పేవాళ్ళు, ఈ వాక్యాన్ని తెలుగులో ఒక్కసారి చెబితే ఏం పోయేది? కారు డెలివరీ తీసుకునే రోజు మీరు మొహమాటపడకండి. బానెట్ ఎత్తించి ఎక్కడెక్కడ నీళ్ళు కొట్టకూడదో చూపించమనండి, ఛార్జింగ్ మూత ఎలా లాక్ అవుతుందో చూపించమనండి. బయటికి కనిపించే నారింజ రంగు కేబుళ్ళన్నీ హై వోల్టేజ్ కరెంటు మోసేవని, వాటి దగ్గర గన్‌కు పని లేదని ఇంట్లో కారు నడిపే అందరికీ చెప్పండి.

ఇన్సూరెన్స్ సంగతి కూడా తెలుసుకోండి. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌కు కవర్ ఉండదు. కొన్ని కంపెనీలు ఈవీలకు బ్యాటరీ, మోటారు కోసం విడిగా యాడ్-ఆన్ (అదనపు కవర్) అమ్ముతున్నాయి. అందులో ఛార్జింగ్ పోర్టు ఉందా, నీళ్ళు పోవడం వల్ల జరిగే నష్టం ఉందా అని కాగితం మీద చూసుకున్నాకే డబ్బులు కట్టండి.

లిఫ్ట్ గురించి చెప్పకపోతే ఈ హెచ్చరిక సగమే అవుతుంది. మన సర్వీసింగ్ సెంటర్లలో చాలాచోట్ల కింది నుంచి ఒకే స్తంభంతో కారును లేపే హైడ్రాలిక్ లిఫ్ట్ ఉంటుంది. పైన ఉన్న ఇనుప అడ్డపట్టీల మీద కారు బరువంతా పడుతుంది. ఎలక్ట్రిక్ కారుకు అడుగున, రెండు జతల చక్రాల మధ్య పరుచుకుని ఉండేది బ్యాటరీయే. పట్టీలు సరిగ్గా దాని కిందికి వస్తే పెట్టె నొక్కుకుపోతుంది. పైకి సొట్టలాగే కనిపించినా లోపలి సెల్స్‌కు, చల్లబరిచే పైపులకు దెబ్బ తగిలి ఉండవచ్చు. కారులో అన్నిటికన్నా ఖరీదైన భాగం అదే. జాక్ పెట్టాల్సిన చోట్లు మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటాయి. అక్కడ తప్ప ఇంకెక్కడా బరువు ఆనకూడదు. ఒక్క స్తంభం లిఫ్ట్ మీద అది కుదరడం కష్టం, కాబట్టి నా మటుకు నేను ఇక ఎలక్ట్రిక్ కారును దాని మీదికి ఎక్కించను. నేల మీదే పెట్టి కడగమనండి, లేదా చక్రాలు ఆనే ర్యాంపు ఉన్నచోటికి వెళ్ళండి. డీజిల్ స్ప్రే అసలే వద్దు. రబ్బరు సీళ్ళను అది పాడుచేస్తుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది.

ఛార్జింగ్‌లో ఉన్న కారును కడగవద్దు. ఛార్జర్ తీసి, రబ్బరు మూత గట్టిగా నొక్కి, బయటి మూత వేసి, అప్పుడు కారు లాక్ చేయండి. చాలా కార్లలో లాక్ చేస్తేనే ఛార్జింగ్ మూత కూడా బిగుసుకుంటుంది, వాటికి తాళం సర్వీసింగ్ వాళ్ళకు ఇవ్వకుండా మీ జేబులోనే ఉంచుకోండి. కారు తీయాల్సి వస్తే మీరే తీయండి. ఆటో వైపర్లు ఉంటే ఆపేయండి, నీళ్ళు తగలగానే కదిలి బ్రష్షుకో చేతికో తగులుతాయి. గన్ కనీసం అడుగు దూరంలో ఉండాలి, పోర్టు మూత అంచుల మీదికి, తలుపుల రబ్బర్ల మీదికి సూటిగా కొట్టకూడదు. బానెట్ కింద దుమ్ము పట్టి ఉంటే కారు ఆపేశాక తడి గుడ్డతో పైపైన తుడవడం చాలు, అదీ నారింజ రంగు కేబుళ్ళ జోలికి పోకుండా.

హైదరాబాద్, బెంగళూరు వెళ్ళినప్పుడు కారును బెల్టు మీద లాక్కెళ్ళే ఆటోమేటిక్ టన్నెల్ వాష్‌కు ఇచ్చేవాళ్ళకు ఇంకో ఇబ్బంది ఉంది. కొన్ని ఎలక్ట్రిక్ కార్లు సీటు బెల్టు తీసినా, తలుపు తీసినా వాటంతటవే పార్కింగ్‌లోకి వెళ్ళి చక్రాలు బిగించేస్తాయి. లోపల చక్రం బిగుసుకుంటే బెల్టు కారును ఈడుస్తుంది. న్యూట్రల్‌లో ఎలా ఉంచాలో ముందే తెలుసుకోండి. టెస్లా కార్లలో దీనికోసమే కార్ వాష్ మోడ్ అని విడిగా పెట్టారు. అది వేస్తే అద్దాలు మూసుకుంటాయి, ఛార్జింగ్ మూత లాక్ అవుతుంది, వైపర్లు ఆగిపోతాయి. కార్ వాష్‌ల వల్ల జరిగే నష్టానికి వారంటీ లేదని ఆ కంపెనీ కూడా మాన్యువల్‌లోనే రాసింది.

కడిగించాక ఇంటికి వచ్చేటప్పుడు రోడ్డు ఖాళీగా ఉన్నచోట బ్రేకు రెండు మూడుసార్లు మెల్లగా తొక్కండి. ఎలక్ట్రిక్ కారు వేగం తగ్గించే పని ఎక్కువగా మోటారే చేస్తుంది కాబట్టి బ్రేకు డిస్కులు వాడకం తక్కువై తడి మీద తుప్పు పడతాయి. ఛార్జింగ్ పెట్టేముందు పోర్టులోకి టార్చి వేసి చూడండి. తడి కనిపిస్తే ఆరేదాకా ఆగండి. వేలు గానీ, గుడ్డ చుట్టిన పుల్ల గానీ లోపలికి పెట్టకండి.

ఇప్పటికే ఇలాంటి నష్టం జరిగినవాళ్ళు స్లిప్పు, డబ్బు కట్టిన రసీదు, కంపెనీ సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్ కార్డు (ఏం పాడైందో, ఏం పని చేశారో రాసే కాగితం) జాగ్రత్తగా పెట్టుకోండి. పోర్టు మార్చకముందే లోపల ఫోటోలు తీయించండి, పాడైన భాగాన్ని వెనక్కి అడిగి తీసుకోండి. నీళ్ళు ఒత్తిడితో లోపలికి వెళ్ళడం వల్లే పాడైందని జాబ్ కార్డులో రాయించండి. మీ వారంటీ తిరస్కరించడానికి వాళ్ళు ఎలాగూ ఆ మాట రాస్తారు, సర్వీసింగ్ సెంటర్ మీద ఫిర్యాదుకు మీకు అదే ఆధారం. చెప్పని పని చేసి బండి పాడుచేయడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే ఘటన జరిగిన రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి. కట్టిన మొత్తం 5 లక్షల లోపు ఉండే సేవలకు ఫిర్యాదు ఫీజు లేదు. లాయరును పెట్టుకోకుండా మీరే వాదించుకోవచ్చు. నేను సర్వీసింగ్ సెంటర్ యజమానికి స్లిప్పు కాపీ, జాబ్ కార్డు కాపీ జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను. జవాబు రాకపోతే కమిషన్‌కే వెళ్తాను.