తాబేలు జలుబుకు సరైన వైద్యం: బర్మింగ్‌హామ్‌లో ఒక సరీసృపాల క్లినిక్

ఏళ్ల తరబడి వేడి గాని, అతినీలలోహిత దీపం గాని లేని గాజుతొట్టిలో పడి ఉన్న ఒక హార్స్‌ఫీల్డ్ జాతి నేల తాబేలును మేము చేరదీసిన ఏడాదిలోనే, ముక్కు నుంచి బుడగలు రావడం, మెడ చాచి నోటితో ఊపిరి పీల్చడం మూడుసార్లు తిరగబెట్టాయి. మొదట చూపించిన ఆసుపత్రిలో ప్రతిసారీ మందు ఇచ్చి పంపారే తప్ప, అది ఎలాంటి చోట ఉంటోందని ఎవరూ అడగలేదు.

ఈ క్లినిక్‌లో డాక్టరు గారు ముందుగా అడిగింది దాని గురించే. తాబేలుకు మనలాంటి ఉదరవితానం (ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర, డయాఫ్రమ్) లేనందువల్ల అది దగ్గి కఫాన్ని బయటకు నెట్టలేదని, ఒంటికి తగినంత వేడి అందకపోతే రోగనిరోధక శక్తి గాని మందు గాని సరిగా పనిచేయవని ఆయన ఓపికగా వివరించారు. ఎక్స్‌రే తీసి, శ్వాసకోశ వ్యాధి తెచ్చే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా పరీక్షకు నమూనా పంపి, 72 గంటలకొకసారి ముందుకాలి కండరానికి సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్, దానితోపాటు నెబ్యులైజర్ సూచించారు. దీపం కింద 32 నుంచి 35 డిగ్రీల వేడి ఉండాలన్నారు. విటమిన్ ఎ ఇంజెక్షన్ అడిగితే, మోతాదు మించితే చర్మం ఊడిపోతుందని చెప్పి, దాని బదులు ఒంట్లో విటమిన్ ఎగా మారే పోషకం ఉన్న డాండెలియన్ అనే మొక్క ఆకులు మేతగా పెట్టమన్నారు. ఆ నిగ్రహం నాకెంతో నచ్చింది.

ఫీజు బరువే, అపాయింట్‌మెంట్ దొరకడమూ ఆలస్యమే. మైకోప్లాస్మా ఉన్నట్టు తేలడంతో, కోలుకున్నా వ్యాధిని మోసే అవకాశం ఉన్నందున దానిని వేరే తాబేళ్లతో కలపవద్దని రాసిచ్చారు. ఇప్పుడది పొద్దున్నే దీపం కిందికి తనంతట తానే నడిచి వస్తోంది.