ఇన్ఫార్మర్‌కి ఏది మేలు: బహుమతా, వీసానా, తర్వాత దౌత్యమా?

ఒసామా బిన్ లాడెన్ వేటలో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏకు పనిచేసిన పాకిస్తానీ డాక్టర్ షకీల్ అఫ్రిదీ పేరు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న అడుగుతారు: అతను హీరోనా, దేశద్రోహా? ఆ వాదన ఎన్నేళ్లయినా తెగదు. మిత్రదేశం వెతుకుతున్న ఉగ్రవాది ఆచూకీ చెప్పిన మనిషిని తర్వాత ఎలా చూసుకోవాలి, ఇప్పటిదాకా చేసినవాటిలో ఏది పనిచేసింది అన్నదే నాకు ముఖ్యం.

పోల్చడానికి పాకిస్తాన్‌లోనే రెండు కేసులున్నాయి. 1993 న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ బాంబు దాడి సూత్రధారి రమ్జీ యూసఫ్ 1995 ఫిబ్రవరిలో ఇస్లామాబాద్‌లో దొరికాడు. అతని తల మీద 20 లక్షల డాలర్ల బహుమతి ఉండేది, ఆ ప్రకటనను అగ్గిపెట్టెల మీద కూడా అచ్చువేసి పంచారు. పట్టిచ్చిన వ్యక్తికి డబ్బు ముట్టింది, కుటుంబంతో సహా అమెరికాలో స్థిరపరిచారు.

రెండోది అఫ్రిదీది. అబొట్టాబాద్‌లో హెపటైటిస్ బి టీకాల పేరుతో బిన్ లాడెన్ కుటుంబం డీఎన్ఏ సంపాదించాలని సీఐఏ వేసిన పథకంలో పనిచేసిన డాక్టర్ ఇతను. 2011 మే 2న అమెరికా దళాలు దాడి చేసి బిన్ లాడెన్‌ను చంపాయి, ఆ నెల దాటకుండానే అతన్ని పాకిస్తాన్ అదుపులోకి తీసుకుంది. 2012 మేలో గిరిజన ప్రాంతాల చట్టం కింద 33 ఏళ్ల శిక్ష పడింది. తీర్పు కాగితాల్లో శిక్షకు కారణంగా చూపింది సీఐఏకు పనిచేయడాన్ని కాదు, లష్కరే ఇస్లాం అనే మిలిటెంట్ గుంపుకు సాయం చేశాడని రాశారు. తర్వాత శిక్ష 23 ఏళ్లకు తగ్గింది, అంతే.

అదే దేశం, అదే మిత్రుడు, మరి ఇంత తేడా ఎందుకు? 1995లో అరెస్టుకు పాకిస్తాన్ ఏజెన్సీలు కూడా వెళ్లాయి, 2011లో వాళ్లకు తెలియకుండానే హెలికాప్టర్లు వచ్చి వెళ్లిపోయాయి. ఆ అవమానం ఎవరో ఒకరి మీద తీరాలి, చేతికి చిక్కింది డాక్టరే. పాకిస్తాన్ వైపు నుంచీ చూడాలి, తన గడ్డ మీద పరాయి గూఢచారి సంస్థకు పనిచేసిన పౌరుణ్ని ఏ దేశమూ ఊరికే వదలదు. ఇక ఆ టీకా నాటకం దెబ్బ పోలియో కార్యక్రమం మీద కూడా పడింది. 2012లో వజీరిస్తాన్ మిలిటెంట్లు టీకాలను నిషేధించారు, ఆ డిసెంబర్‌లో పోలియో వర్కర్లను కాల్చి చంపారు. టీకా కార్యక్రమాలను వాడుకోబోమని సీఐఏ మాట ఇచ్చినట్టు వైట్‌హౌస్ 2014లో చెప్పింది. ఈ కోపంలో న్యాయం ఉంది. కానీ కోపం టీకా నాటకం మీదైతే కేసు దాని మీదే పెట్టాలి కదా, వేరే పేరుతో ఎందుకు?

నా లెక్కలో అసలు తేడా వరసలో ఉంది. ముందు మనిషిని దేశం దాటించాలి, విషయం బయటపడేది ఆ తర్వాతే. అఫ్రిదీ విషయంలో ఇది తలకిందులైంది. అతను కస్టడీలో ఉండగానే, దాడి నాటికి సీఐఏ డైరెక్టర్‌గా ఉండి అప్పటికి రక్షణ మంత్రి అయిన లియాన్ పనెట్టా 2012 జనవరిలో టీవీ ఇంటర్వ్యూలో అతని సాయాన్ని పొగిడాడు. లోపల ఉన్నవాడికి ఆ పొగడ్త ఏం మేలు చేస్తుంది? శిక్ష పడ్డాక సెనేట్ కమిటీ శిక్షలో ఒక్కో ఏడాదికి పది లక్షల చొప్పున పాకిస్తాన్‌కిచ్చే సాయంలో 3.3 కోట్ల డాలర్లు కోయాలని ఓటేసింది. రెండు నిమిషాల్లో విడిపిస్తానని ట్రంప్ 2016లో అన్నాడు. అతను మాత్రం బయటికి రాలేదు. దౌత్యం మీద నాకు నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే.

డబ్బు సంగతి. 2003లో మోసుల్‌లో సద్దాం కొడుకులిద్దరి జాడ చెప్పినందుకు 3 కోట్ల డాలర్లు ఇచ్చారు. పెద్ద మొత్తమే, కానీ అది తీసుకుని అదే వీధిలో బతకలేరు, కాబట్టి తరలింపు లేని బహుమతి సగం పనే.

వీసా క్యూ ఇంకో దారి. అమెరికా దళాలకు పనిచేసిన అఫ్గాన్ అనువాదకుల ప్రత్యేక వీసా 9 నెలల్లో తేలాలని చట్టమే చెప్పినా ఏళ్ల తరబడి సాగింది, 2021 ఆగస్టులో కాబూల్ పడిపోయేసరికి వేలమంది ఇంకా లైన్లోనే ఉన్నారు. పైగా జాబితా ఉంటే లీకవుతుంది. తమ దేశానికి రావాలని దరఖాస్తు చేసుకున్న దాదాపు 19,000 మంది అఫ్గాన్ల వివరాలు బ్రిటన్ రక్షణ శాఖ నుంచి 2022లో బయటికి పోయాయి, ఆ సంగతి జనానికి తెలిసింది 2025లో.

ఖైదీల మార్పిడి కూడా ఉంది. అఫ్రిదీకి బదులు అమెరికా జైల్లో ఉన్న పాకిస్తానీ శాస్త్రవేత్త ఆఫియా సిద్దిఖీ అని పాకిస్తాన్‌లో అప్పుడప్పుడు చర్చ లేస్తుంది. ఏళ్లుగా చర్చే.

నా ఓటు ఆపరేషన్‌కు ముందే కుటుంబాన్ని తరలించడానికే, బహుమతి ఎంతన్నది తర్వాత చూసుకోవచ్చు. దానికి అమెరికాలో దారి లేకపోలేదు. ఉగ్రవాదం గురించి సమాచారం ఇచ్చేవాళ్ల కోసం ప్రత్యేకంగా ఎస్-6 అనే వీసా పెట్టారు. ఏడాదికి 50 మందికే.