బెల్టు ఫ్యానా, విస్కస్ ఫ్యానా, హైడ్రాలిక్ ఫ్యానా: బరువు పని చేసే బండికి ఏది మేలు?

రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగంతో పోయే లారీకి గాలి ఊరికే వస్తుంది. ముందు జాలీలోంచి దూసుకొచ్చి రేడియేటర్‌ని చల్లబరిచి పోతుంది. చాలాసేపు ఫ్యాన్‌కి పెద్దగా పనుండదు. పొక్లెయిన్ సంగతి వేరు. పొద్దస్తమానం ఒక్కచోట నిలబడి ఫుల్ లోడ్‌లో మట్టి తవ్వుతుంది. దానికి అందే గాలంతా ఫ్యాన్ లాగి తేవలసిందే. ఆ గాలి కూడా ఆ బండి లేపిన దుమ్ముతో నిండిందే. అందుకే ఇలాంటి బండి కొనేటప్పుడు బకెట్ సైజు, హార్స్‌పవర్ అడిగినట్టే ఫ్యాన్‌ని ఏది తిప్పుతుందో కూడా అడగాలంటాను.

వేడి ఎంత ఉంటుందో ముందు చూద్దాం. డీజిల్‌లోని శక్తిలో పనికి వచ్చేది రమారమి 40 శాతం. మిగతాదాంట్లో సగం సైలెన్సర్ గుండా పోతుంది, తక్కినది ఎక్కువగా ఇంజిన్‌లో తిరుగుతూ దాన్ని చల్లబరిచే కూలెంట్ మీద పడుతుంది. 150 కిలోవాట్ల ఇంజిన్ ఫుల్ లోడ్‌లో ఉంటే రేడియేటర్ దగ్గరికి దాదాపు 100 కిలోవాట్ల వేడి చేరుతుంది. అంటే వంద ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి ఆన్ చేసినట్టు. ఇది ఇంజిన్ వేడి మాత్రమే. హైడ్రాలిక్ ఆయిల్ కూలర్, టర్బో ఇంజిన్‌లోకి కుక్కే గాలిని చల్లబరిచే కూలర్, ఏసీ కండెన్సర్, డోజర్ అయితే ఇంజిన్ శక్తిని గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్ ఆయిల్, ఇవన్నీ ఆ ఒక్క ఫ్యాన్ మీదే ఆధారపడతాయి.

బెల్టు ఫ్యాన్ అన్నిటికంటే పాతది, సులువైనది. ఇంజిన్ తిరిగితే ఇదీ తిరుగుతుంది. చెడిపోవడానికి బెల్టు, బేరింగ్ తప్ప పెద్దగా ఏమీ లేవు. బెల్టు వదులైతే కూత పెట్టి మరీ చెబుతుంది. ఊరికి దూరంగా, మెకానిక్ రెండు రోజులకు గానీ రాని చోట ఇది నిజంగా వరమే. దీనికున్న జబ్బల్లా, వేడితో దీనికి సంబంధమే లేదు. తెల్లవారుజామున చలిలోనూ అంతే గాలి కొడుతుంది, ఇంజిన్ పని వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. అసలు ఇబ్బంది డోజర్‌లో తెలుస్తుంది. బ్లేడు నిండా మట్టి నెట్టేటప్పుడు 2,000 ఆర్‌పీఎం కాస్తా 1,500కి పడిపోయిందనుకోండి. లోడ్ ఎక్కువై వేడి పెరిగిన ఆ సమయంలోనే ఫ్యాన్ గాలి పావు వంతు తగ్గిపోతుంది. అవసరానికి ఆదుకోని చుట్టం లాంటిది.

విస్కస్ ఫ్యాన్‌లో ఇరుసుకీ రెక్కలకీ మధ్య సిలికోన్ ద్రవం నిండిన క్లచ్ ఉంటుంది. మామూలు రకంలో దాని ముఖం మీద రెండు లోహాలు అతికించిన చుట్టలాంటి బైమెటల్ స్ప్రింగ్ ఒకటి ఉంటుంది. రేడియేటర్ దాటి వచ్చే గాలి వేడెక్కితే అది మెలి తిరిగి లోపలి వాల్వ్ తెరుస్తుంది. ద్రవం పని చేసే చోటికి వెళ్లి రెక్కలను పట్టుకుని తిప్పుతుంది. చల్లబడితే వదిలేస్తుంది, ఫ్యాన్ సోమరిగా తిరుగుతుంది.

లాభం ఎక్కడుందంటే, ఫ్యాన్ తినే శక్తి వేగానికి ఘనం లెక్కన పెరుగుతుంది. వేగం సగమైతే గాలి సగమే తగ్గుతుంది గానీ తినే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఫుల్ స్పీడులో 16 కిలోవాట్లు తినే ఫ్యాన్ సగం వేగంలో 2 కిలోవాట్లతో సరిపెట్టుకుంటుంది. లోడింగ్, ఖాళీ తిరుగుడు, ఆగడం, మళ్లీ లోడింగ్ అన్నట్టు నడిచే వీల్ లోడర్‌కి, బ్యాక్‌హో లోడర్‌కి ఇది బాగా కలిసొస్తుంది. డీజిల్ సంగతి అటుంచితే, చప్పుడు తగ్గడమే ఆపరేటర్‌కి సగం హాయి.

కానీ స్ప్రింగ్ మీద దుమ్ము పేరుకుంటే ఆలస్యంగా స్పందిస్తుంది. పూర్తిగా పట్టుకున్నప్పుడు కూడా కాస్త జారుతూనే ఉంటుంది. ద్రవం కారిపోతే ఒక్కసారిగా ఆగిపోదు, మెల్లగా నీరసిస్తుంది. చలికాలమంతా బాగానే నడిచి, ఎండలు ముదిరాక వేడి చూపే మీటర్ ముల్లు ఎర్ర గీత దాటుతుంది. అప్పుడు అందరూ వాటర్ పంపుని అనుమానిస్తారు.

హైడ్రాలిక్ ఫ్యాన్‌కి ఇంజిన్‌తో నేరుగా బంధం లేదు. ఇంజిన్ తిప్పే ఒక పంపు ఆయిల్‌ని తోస్తే, ఒక మోటార్ రెక్కలను తిప్పుతుంది. కూలెంట్, హైడ్రాలిక్ ఆయిల్, టర్బో గాలి, వీటిలో ఏది ఎక్కువ వేడిగా ఉంటే దాన్ని బట్టి కంట్రోలర్ వేగం పెంచుతుంది. ఇంజిన్ నెమ్మదించినా పంపుకి తాహతు ఉన్నంత వరకు ఫ్యాన్ వేగం నిలబెట్టగలదు. పైగా రేడియేటర్‌ని ఇంజిన్ ఎదురుగానే పెట్టాలన్న నిబంధన లేదు.

దీని అసలు గొప్ప మాత్రం వెనక్కి తిరగడంలో ఉంది. రివర్స్ సదుపాయం ఉన్న బండిలో మధ్యమధ్యలో కాసేపు ఫ్యాన్ ఎదురు దిశలో తిరిగి, జాలీకి అంటుకున్న గడ్డి, ఆకులు, పొట్టు బయటికి ఊదేస్తుంది. చెత్త కుప్పల దగ్గర, అడవి పనుల్లో, పాత కట్టడాలు కూల్చే చోట దీనికి సాటి లేదు. ఆ క్షణంలో పక్కన నిలబడ్డవాడి కళ్లనిండా దుమ్మే, అది వేరే సంగతి.

ఇక ఖర్చు. పంపులో కొంత, మోటార్‌లో కొంత శక్తి పోతుంది కాబట్టి ఫుల్ స్పీడులో ఇది బెల్టు ఫ్యాన్ కంటే ఎక్కువే తింటుంది. ఎక్కువసేపు నెమ్మదిగా తిరిగితేనే మిగులు. రోజంతా ఎర్రటి ఎండలో ఒకే లోడ్ మీద నడిచే బండికి డీజిల్ ఆదా పేరుతో దీన్ని అమ్మజూపితే నమ్మకండి. గొట్టాలు, సీళ్లు, వాల్వులు, సెన్సార్లు పెరుగుతాయి. రిపేరుకి స్పానర్ ఒక్కటే చాలదు.

కరెంటు ఫ్యాన్ల గురించి కూడా అడుగుతారు. 24 వోల్టుల మీద 100 ఆంపియర్లు ఇచ్చే ఆల్టర్నేటర్ (బండిలో కరెంటు పుట్టించేది) నుంచి వచ్చేది 2.4 కిలోవాట్లే. పైన చెప్పిన 16 కిలోవాట్ల ఫ్యాన్‌కి అది ఏ మూలకి? చిన్న బండ్లకు, హై వోల్టేజీ బ్యాటరీ ఉన్నవాటికి సరే.

ఏ ఫ్యానూ తీర్చలేని సమస్య ఒకటుంది. ఒక లోడర్ మధ్యాహ్నం అయ్యేసరికి రోజూ హీట్ ఎక్కేది. వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే థర్మోస్టాట్ మార్చారు, వాటర్ పంపు మార్చారు. "జాలీ అద్దంలా ఉందన్నా, ఇంకేం కడగాలి?" అన్నాడు ఆపరేటర్. ఆయిల్ కూలర్ బోల్టులు విప్పి పక్కకి వంచితే, దానికీ రేడియేటర్‌కీ మధ్య కంబళి ముక్కలాంటి పొర. లీకైన ఆయిల్, దుమ్ము, దూది కలిసి గట్టిపడి, గోటితో లాగితే చాప చుట్టినట్టు ఊడొచ్చింది. రివర్స్ ఫ్యాన్ కూడా ఈ జిడ్డుని కదపలేదు. కాబట్టి కూలర్లు ఒకదాని వెనక ఒకటి కాకుండా పక్కపక్కన ఉన్న బండి, లేదా తలుపులా తెరుచుకునే కూలర్ ఉన్న బండి దొరికితే, బెల్టు ఫ్యాన్ అయినా నేను దానికే మొగ్గుతాను.

రేడియేటర్ మూత కూడా చిన్నచూపు చూసే వస్తువు. 1 బార్ ఒత్తిడి పట్టే మూత ఉంటే నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు, నీళ్లతో సగం సగం కలిపిన కూలెంట్ ఇంకా పైకి ఓర్చుకుంటుంది. మూత స్ప్రింగ్ చచ్చుబడితే ఆ 20 డిగ్రీల వెసులుబాటు పోయినట్టే.

నా ఎంపిక అడిగితే: ఒకే లోడ్ మీద నడిచే చిన్న బండికి, మారుమూల పనికి బెల్టు ఫ్యాన్. లోడ్ మాటిమాటికి మారుతూ, మట్టి తప్ప వేరే చెత్త ఎగరని చోట విస్కస్. పొట్టు, గడ్డి, కాగితాలు ఎగిరే చోట, ఇంకా డోజర్‌లాగా నెమ్మదిగా బరువు నెట్టే పెద్ద బండ్లకు రివర్స్ ఉన్న హైడ్రాలిక్.

సెకండ్ హ్యాండ్ బండి చూడటానికి వెళితే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. తాళం తీసి జేబులో పెట్టుకుని విస్కస్ ఫ్యాన్‌ని చేత్తో తిప్పండి. కాస్త బిగువుగా కదిలితే మంచిది. గిరగిరా తిరిగితే ద్రవం పోయినట్టు, అసలు కదలకపోతే బిగుసుకుపోయినట్టు. హైడ్రాలిక్ అయితే స్టార్ట్ చేసి, రివర్స్ బటన్ నొక్కి, జాలీ ముందు చిన్న గుడ్డ ముక్క పట్టుకోండి. అంతవరకు జాలీకి అతుక్కునే గుడ్డ ఇప్పుడు మీ వైపు ఎగరాలి. గాలి లోపలి నుంచి బయటికి కొట్టే తరహా ఫ్యాన్ కొన్ని బండ్లకు ఉంటుంది, వాటికి మాత్రం ఈ వరస తిరగబడుతుంది.