మా కుళాయి, నీళ్ల పరీక్ష కిట్టు: 5కి 3 మార్కులు

ప్రకాశం జిల్లాలో మా పల్లెకు జల్ జీవన్ మిషన్ కుళాయి వచ్చి రెండేళ్లయింది. 2019 ఆగస్టు 15న మొదలైన ఈ పథకం లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్లు రావాలి. ఇంట్లో నలుగురం, అంటే 220. మా నీలం డ్రమ్ము 200 లీటర్లది. పొద్దున ఆరింటికి వదిలితే ఏడుకల్లా డ్రమ్ము నిండి, పైన రెండు బిందెలు కూడా వస్తాయి. మార్కులు వేయక తప్పదు.

నాకు బాగా నచ్చింది కిట్టు. ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పారు, అందులో నేనొకదాన్ని. చిన్న సీసాలో గీత దాకా నీళ్లు పోసి, మందు చుక్కలు వేసి, కాసేపాగి రంగుల కార్డు పక్కన పెట్టి చూడాలి. గులాబీ రంగు నిలిస్తే సరే, పసుపు వైపు తిరిగిందా, ఎముకల్నీ కీళ్లనీ పాడుచేసే ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా పాత బోరు నీళ్లు చూస్తుండగానే పసుపెక్కాయి. "ఇన్నాళ్లూ ఇవేనా తాగింది!" అని అత్తయ్య మోకాళ్లు తడుముకుంటూ కూర్చుంది.

మిగతా రెండు మార్కులు కోసింది సమన్వయం దగ్గర. మొన్న వేసవిలో రోడ్డు పనివాళ్లు తవ్వి పైపు పగలగొట్టారు. పైపు వేసినవాళ్లకు ఆ సంగతే తెలీదు. ఎవరికి ఫోన్ చేసినా "అది మాది కాదమ్మా" అనే. తొమ్మిది రోజులు ట్యాంకరే గతి, ఒకటే టెన్షన్. చివరికి వీధివాళ్లం ఇంటికి వంద వేసుకుని ఫిట్టర్ కుర్రాడితో జాయింటు వేయించాం. ఆ బిల్లు ఎవరికి పెట్టాలో ఇప్పటికీ తేలలేదు.