అబిడ్స్ సందులో పాత ఓడల బొమ్మలు: కొనుక్కోండి, ఫ్రేము మాత్రం అక్కడ కట్టించొద్దు

ముందే చెప్పేస్తున్నా, షాపు పేరు రాయడం లేదు. ఇందులో మెచ్చుకోలు ఎంత ఉందో తిట్టు కూడా అంతే ఉంది, పైగా ఆ షాపు పెద్దాయన్ని నేను చాచా అని పిలుస్తాను, వచ్చే నెల మళ్లీ ఆయన ముందే కూర్చోవాలి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచే చోటు నుంచి నడిచి వెళ్లేంత దూరం, కింద జిరాక్స్ షాపు, పక్కన ఇరుకు మెట్లు, మొదటి అంతస్తు. పాత కాగితాల పిచ్చి ఉన్నవాళ్లు ఈ గుర్తులతోనే పట్టేసుకుంటారు, లేనివాళ్లకి అడ్రస్ ఇచ్చినా కింద జిరాక్స్ తీయించుకుని వచ్చేస్తారు.

నా పిచ్చి ఏంటంటే, రెండు వందల ఏళ్ల కిందట రాగి రేకు మీద చెక్కి అచ్చు వేసిన యుద్ధనౌకల బొమ్మలు, వాటిని నడిపిన నేవీ ఆఫీసర్ల బొమ్మలు. "హైదరాబాద్‌లో ఉండి ఓడలేంటి, హుస్సేన్‌సాగర్‌లో బోటు బొమ్మ కొనుక్కోండి" అని మా ఆవిడ ఎన్నిసార్లు అందో లెక్కలేదు. నిజమే, ఇక్కణ్నుంచి సముద్రం చూడాలంటే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా పడుకోవాలి. కానీ నేను పుట్టింది వైజాగ్‌లో, మా నాన్న పనిచేసింది పోర్టులో. చిన్నప్పుడు ఆయన క్యారేజీ పట్టుకెళ్లిన రోజుల్లో ఎక్కిన పిచ్చి ఇది, అమీర్‌పేటలో అద్దెకున్నా దిగలేదు.

సరే, షాపు సంగతి. గది చిన్నది, మూడు గోడలకీ అట్టపెట్టెలు. పాత మ్యాపులు, నిజాం కాలం స్టాంపులు, రాజా దీన్‌దయాళ్ ఫోటోలకి తీసిన కాపీలు, ఎక్కడివో తెలియని గ్రూప్ ఫోటోలు. ఓడల బొమ్మలు విడిగా ఉండవు, మ్యాపుల మధ్యలో కలిసిపోయి ఉంటాయి, మనమే వెతుక్కోవాలి. నాకైతే అదే నచ్చింది. ఏసీ లేదు, ఒక ఫ్యాను, అది కూడా కాగితాలు ఎగురుతాయని సగం స్పీడ్‌లోనే తిరుగుతుంది, మేలో వెళ్తే చెమట బొట్టు బొమ్మ మీద పడుతుందేమోనని ఒకటే టెన్షన్. చేతులు తుడుచుకోవడానికి చాచా ఒక టవల్ ఇస్తాడు, నోట్లో పాన్ ఉన్నవాళ్లని మాత్రం గుమ్మం దాటనివ్వడు.

ఈ షాపుకి నేను ఐదుకి ఐదు ఇచ్చే విషయం ఒక్కటుంది. ఏ బొమ్మనైనా ప్లాస్టిక్ కవర్లోంచి తీసి, తిప్పి, వెలుగుకి పట్టి చూడనిస్తారు. ఇది చిన్న విషయం కాదు. ఈ ఊళ్లోనే పెద్ద అద్దాల షోరూముల్లో, ముందే ఫ్రేము కట్టి గోడకి తగిలించిన "యాంటిక్" బొమ్మల వెనక వైపు చూపించమంటే నన్ను దొంగని చూసినట్టు చూశారు. పాత ప్రింటు కొనేటప్పుడు ముందు వైపు కంటే వెనక వైపు ఎక్కువ మాట్లాడుతుంది. రాగి రేకు మీద తడి కాగితం పరిచి రోలర్ల మధ్య గట్టిగా నొక్కి తీస్తారు కాబట్టి రేకు అంచులు కాగితంలోకి దిగి, బొమ్మ చుట్టూ పల్లంగా ఒక గీత పడుతుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. అంచులు కత్తిరించేసిన బొమ్మకైతే అది ఉండదనుకోండి. అదే ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పేజీలు అయితే వెనకాల వార్తలు అచ్చేసి ఉంటాయి. అది 1842లో మొదలైన పత్రిక, అందులోవి చెక్క మీద చెక్కిన బొమ్మలు, అవి కూడా పాతవే, బాగుంటాయి కూడా, కానీ రాగి రేకు ధరకి కొనకూడదు. ఇక్కడ అవి ఐదు వందల నుంచి తొమ్మిది వందల మధ్య ఉన్నాయి, న్యాయమే అనిపించింది.

నేను మొదట కొన్నది సర్ ఎడ్వర్డ్ పెల్యూ. ఈయన 1805 నుంచి 1809 దాకా ఇటువైపు సముద్రాల్లో ఇంగ్లిష్ నౌకాదళానికి పెద్ద. బొమ్మ నేవల్ క్రానికల్ నుంచి తీసినది. 1799 నుంచి 1818 దాకా లండన్‌లో వచ్చిన పత్రిక అది, ఆరు నెలలకో సంపుటం చొప్పున మొత్తం 40. ఆఫీసర్ల జీవిత కథలు, వాళ్ల ముఖాలు, ఓడల బొమ్మలు. ఆ సంపుటాలని ఎవరో ఎప్పుడో విడగొట్టి బొమ్మలు చింపి అమ్ముకుంటే మనలాంటి వాళ్ల దాకా వచ్చాయి, పుస్తకం చంపితే గానీ బొమ్మ దొరకదు అన్న బాధ నాకుంది, అయినా కొన్నాను.

భూతద్దం పెట్టి పెల్యూ ముఖం చూస్తే గీతలుండవు, అన్నీ చుక్కలే. నీడ ఉన్నచోట దగ్గరగా, వెలుగు ఉన్నచోట దూరంగా, బుగ్గ ఎముక దగ్గరకి వచ్చేసరికి ఇసుక చల్లినట్టు పలచబడిపోతాయి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఇప్పటి ప్రెస్సుల్లో యంత్రం మీద అచ్చేసే ఆఫ్‌సెట్ కాపీలో కూడా చుక్కలే ఉంటాయి కదా! తేడా ఏంటంటే ఆఫ్‌సెట్ చుక్కలు స్కూల్లో ప్రార్థనకి నిలబెట్టిన పిల్లల్లా వరసలో ఉంటాయి, చేత్తో పొడిచిన చుక్కలు వరస పాటించవు, ఒకటి లావు ఒకటి సన్నం. పది రెట్లు పెద్దది చేసి చూపించే భూతద్దం, గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునేలాంటిది, జేబులో వేసుకోకుండా ఇలాంటి షాపుకి వెళ్లకండి. దానికయ్యేది రెండు మూడు వందలు, మిగిల్చేది వేలు.

పెల్యూకి 2,800 ఇచ్చాను. మూడున్నర అన్నాడు, చాయ్ తాగాం, రెండు ఎనిమిది వందల దగ్గర తెగింది.

ఇక తిట్టు. "ఫ్రేము కూడా మేమే కట్టిస్తాం సార్, వారంలో ఇస్తాం" అంటే సరే అన్నాను. నాదే తప్పు అని సగం ఒప్పుకుంటాను. ఆ బొమ్మ కాగితం పొడవు సుమారు ఎనిమిదిన్నర అంగుళాలు. వాళ్ల దగ్గర రెడీగా ఉన్న ఫ్రేము ఐదుకి ఏడు. ఇంకేం చెప్పాలి, కట్టేవాడు స్కేలు పెట్టి నీట్‌గా కోసేశాడు. పైన కాస్త, కింద ఎక్కువ. కింద పోయింది ఉత్త తెల్ల కాగితం కాదు. ఎవరు అచ్చు వేశారు, ఏ వీధిలో, ఏ తేదీన అని సన్నగా ఒక లైను ఉంటుంది. ఈ పత్రిక బొమ్మల కింద జాయిస్ గోల్డ్, షూ లేన్ అని ఉండేది ఆ లైన్లోనే. ఇంగ్లండ్‌లో 1735లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం బొమ్మ మీద కాపీరైట్ హక్కు కావాలంటే యజమాని పేరు, తేదీ ప్రతి రేకు మీదా చెక్కాలి, దొంగ కాపీలు ఆపడానికి. ఒక రకంగా అది ఆ బొమ్మ బర్త్ సర్టిఫికెట్. దాన్ని కోసి చెత్తబుట్టలో వేశారు. కాగితం అంచున రేకు పల్లం కూడా పోయింది. మిగిలింది ఒక దొరవారి ముఖం.

అంతటితో అయిపోలేదు. వెనకాల బ్రౌన్ అట్ట పెట్టి, నాలుగు మూలలా సెల్లో టేపు అంటించారు. ఆ టేపు జిగురు కొన్నేళ్లకి పసుపు మరకై కాగితంలోకి ఇంకిపోతుంది, మామూలు అట్టలోని ఆసిడ్ బొమ్మ చుట్టూ చాయ్ రంగు చట్రం గీస్తుంది. మన హైదరాబాద్ వానాకాలం తేమకి దాని మీద గోధుమ మచ్చలు కూడా తోడైతే ఇక చూడక్కర్లేదు.

నేను గట్టిగానే మాట్లాడాను. కౌంటర్‌లో ఉన్న చాచా కొడుకు "అంచులే కదా సార్ పోయింది, బొమ్మ మంచిగనే ఉంది కదా" అన్నాడు. నాకు బీపీ లేచింది. చాచా లోపల్నుంచి వచ్చి, ఫ్రేములోంచి బొమ్మ తీసి, కింద అంచు బొటనవేలితో తడిమి, కొడుకు వైపు ఒక్క చూపు చూశాడు. ఫ్రేముకి తీసుకున్న 650 అక్కడికక్కడే తిరిగి ఇచ్చాడు, ఒక లండన్ న్యూస్ పేజీ ఊరికే ఇచ్చాడు. బొమ్మ డబ్బులు అడగలేదు, ఆయనా ఇస్తాననలేదు. ఆ పేజీ తీసుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకే కొంచెం కోపం, అక్కడే నా నోరు మూతపడింది.

మరి ఇంత జరిగాక మళ్లీ ఎందుకు వెళ్లావయ్యా అంటారా? వైజాగ్ కోసం.

1804 సెప్టెంబర్ 15న మా ఊరి ముందు సముద్రంలో యుద్ధం జరిగింది, వైజాగ్ వాళ్లలోనే చాలామందికి తెలీదు. సెంచూరియన్ అనే యాభై ఫిరంగుల ఇంగ్లిష్ ఓడ రెండు వర్తక నౌకలకి కాపలాగా వచ్చి ఒడ్డుకి దగ్గర్లో లంగరు వేసి ఉంది. కెప్టెన్ జేమ్స్ లిండ్ ఊళ్లోకి దిగి ఉన్నాడు. అప్పుడు ఫ్రెంచ్ అడ్మిరల్ లినోయిస్ మరెంగో అనే డెబ్భై నాలుగు ఫిరంగుల ఓడతో, ఇంకో రెండు ఫ్రిగేట్లతో, అంటే కాస్త చిన్న యుద్ధనౌకలతో, వచ్చి పడ్డాడు. కెప్టెన్ తిరిగొచ్చేదాకా లెఫ్టినెంటే కొట్లాట నడిపించాడు. ఒక వర్తక నౌక ఒడ్డుకి కొట్టుకుని పగిలింది, ఇంకోటి ఫ్రెంచి వాళ్లకి చిక్కింది, కానీ సెంచూరియన్ మాత్రం మునగలేదు, లొంగలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఇదే లినోయిస్ చైనా నుంచి సరుకుతో వెళ్తున్న ఈస్టిండియా కంపెనీ వర్తక ఓడల్ని చూసి యుద్ధనౌకలున్నాయనుకుని పారిపోయాడు, పాపం ఆయనకి ఆ ఏడాది కలిసి రాలేదు.

ఈ యుద్ధానికి బొమ్మ ఉంది. థామస్ విట్‌కూమ్ వేసిన చిత్రాల నుంచి అచ్చు తీసి, జేమ్స్ జెంకిన్స్ 1817 ప్రాంతంలో తెచ్చిన నౌకా విజయాల పుస్తకంలో రంగులతో వచ్చింది. ఇంగ్లిష్ నౌకాదళ వీరుడు నెల్సన్ బొమ్మలు ఎక్కడైనా దొరుకుతాయి. ఆయన కూడా కుర్రాడిగా సీహార్స్ ఓడలో మన వైపు వచ్చి, జబ్బు చేసి 1776లో వెనక్కి పోయినవాడే. కానీ కింద విజగపటామ్ అని, అప్పట్లో ఇంగ్లిష్ వాళ్లు వైజాగ్‌ని పిలిచిన పేరు, చెక్కి ఉన్న బొమ్మ ముందు నాకు పది మంది నెల్సన్లు దిగదుడుపే.

రెండోసారి వెళ్లినప్పుడు మ్యాపుల పెట్టె అడుగున అది కనిపించింది. గుండె ఆగినంత పనైంది. కొడుకు "ఒరిజినల్ సార్, పన్నెండు వేలు" అన్నాడు. ఆ ధరే అనుమానం, అసలుదైతే అంత తక్కువకి ఎందుకు ఇస్తాడు? భూతద్దం తీశాను. ఇది ఆక్వాటింట్ రకం, రేకు మీద గుగ్గిలం లాంటి జిగురు పొడి చల్లి ఆసిడ్‌లో ముంచుతారు, అసలుదైతే ఆకాశం, పొగ ఉన్నచోట ఎండిన చెరువు అడుగులా సన్నటి పగుళ్ల వల కనిపించాలి. నాకు కనిపించింది గులాబీ, నీలం, పసుపు చుక్కలు, ప్రార్థనకి నిలబడ్డ పిల్లలు. నేను తలెత్తేలోపే చాచా అన్నాడు, "అది పాతది కాదు సార్, పాతదాని ఫోటో. వీనికి తెల్వదు. ఆరు వందలకి తీస్కపోండి, ఇంట్ల మంచిగుంటది."

కొడుక్కి నిజంగా తెలియదో, తెలిసే అన్నాడో నేను చెప్పలేను. చాచా లేని రోజు ఈ షాపులో వెయ్యి దాటిన వస్తువేదీ కొనకండి, అదే నా సలహా. ఆయన మధ్యాహ్నం నమాజు, భోజనం అయ్యాక మూడు తర్వాత ఉంటాడు, శుక్రవారాల్లో మాత్రం సాయంత్రం దాకా రాడు. రేటు రాయించి, కాగితం మీద "అసలు" అనో "కాపీ" అనో రాసి సంతకం పెట్టమని అడగండి, ఆయన పెడతాడు. యూపీఐ ఉంది. బైకు మాత్రం మెయిన్ రోడ్డు మీదే వదలండి, సందులో రివర్స్ తీయలేరు.

ఫ్రేము ఇంకో చోట చేయించాను, ఆసిడ్ లేని బోర్డు, బొమ్మకి అద్దం తగలకుండా మధ్యలో మౌంట్, టేపు బదులు గంజితో పల్చటి కాగితపు పట్టీలు. 1,900 అయింది, ఏడ్చుకుంటూ ఇచ్చాను. కత్తిరించిన పెల్యూ అందులోనే ఉన్నాడు, ఎండ పడని గోడకి, బాత్రూమ్ గోడకి కాకుండా.

వైజాగ్ కాపీ ఆరు వందలకే కొన్నాను, దానికి ఐదు వందల ఫ్రేము చాలు. ఫోటో తీసి నాన్నకి వాట్సాప్ చేస్తే వెంటనే ఫోన్, "ఒరేయ్, ఇందులో డాల్ఫిన్స్ నోస్ ఎక్కడ్రా?" పొగ వెనకాల ఎక్కడో ఉంటుంది నాన్నా అన్నాను. "అసలుది దొరికితే సరిగ్గా చూసి చెప్పు" అన్నారు. అసలుది ఎక్కడైనా తగిలితే ముందు నాకే ఫోన్ చేయమని చాచా డైరీలో నా నంబర్ రాయించి వచ్చాను.