మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్: బెజవాడ ఎండల్లో చాలాకాలం వాడాక

కారు పాత ఆక్టేవియా ఆర్ఎస్. 1.8 టర్బో, 150 హార్స్‌పవర్, కె03 టర్బో, రీమ్యాప్ చేసిన (సెట్టింగులు మార్చి రాసిన) ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్. దాని మీద వాడుతున్నది గోళీ-స్ప్రింగ్ రకం మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్. వస్తువు మంచిదే, కానీ దీంతో పవర్ పుట్టదు. బూస్ట్‌ను, అంటే టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడిని, తొందరగా తెచ్చి, అనుకున్న చోట ఆపుతుంది, అంతే. ఆ చోటు ఎక్కడన్నది మాత్రం మే నెల ఎండను చూసి తేల్చుకోవాలి.

వేస్ట్‌గేట్ అంటే ఎగ్జాస్ట్‌ను టర్బో పక్కనుంచి పంపి బూస్ట్‌ను ఆపే గేటు; గాలి ఒత్తిడితో దాన్ని తెరిచేది యాక్చుయేటర్. టర్బో కంప్రెసర్ నిపుల్ నుంచి ఆ యాక్చుయేటర్‌కి వెళ్లే సన్న హోసు మధ్యలో దీన్ని బిగిస్తారు. లోపల స్ప్రింగ్ ఒక గోళీని రంధ్రం మీద అదిమి ఉంచుతుంది. ఆ స్ప్రింగ్ బలాన్ని బూస్ట్ దాటేదాకా యాక్చుయేటర్‌కి గాలి అందదు, గేటు కదలదు. మామూలుగా అయితే గేటు ముందునుంచే కొద్దికొద్దిగా తెరుచుకుంటూ ఉంటుంది. అందుకే ఇది పెట్టాక బూస్ట్ కొన్ని వందల ఆర్పీఎం ముందే అందుతుంది. కాజ టోల్ దాటాక మూడో గేరులో లారీని ఓవర్‌టేక్ చేస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది.

కొనేటప్పుడు యాక్చుయేటర్ వైపు సూదిమొనంత బ్లీడ్ రంధ్రం ఉందో లేదో చూడండి. అది లేకపోతే యాక్సిలరేటర్ వదిలాక కూడా హోసులో గాలి చిక్కుకుపోయి, గేరు మార్చిన తర్వాత బూస్ట్ నీరసంగా లేస్తుంది. బాడీ మీద బాణం గుర్తు టర్బో నుంచి యాక్చుయేటర్ వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే గోళీ దారి మూసేస్తుంది, గేటు తెరుచుకోదు, బూస్ట్‌కి అడ్డూ అదుపూ ఉండదు.

బూస్ట్ పెంచే తగ్గించే స్క్రూ కంట్రోలర్ మీదే ఉంటుంది. దాన్ని ముట్టుకునే ముందు లీక్ టెస్ట్ తప్పనిసరి. ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి 10-15 పీఎస్ఐ గాలి పట్టి, జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లితే బుడగలే చెబుతాయి. ఆటోనగర్‌లో కంప్రెసర్ ఉన్న ఏ షెడ్డులోనైనా అయ్యే పని. ఈ ఇంజిన్లలో డైవర్టర్ వాల్వ్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలిన బూస్ట్‌ను వెనక్కి మళ్లించేది) డయాఫ్రమ్ చిరగడం మామూలు. లీకు ఉండగా స్క్రూ బిగిస్తే టర్బో అనవసరంగా ఎక్కువ తిరిగి గాలిని వేడెక్కిస్తుంది.

సెట్టింగ్‌కి స్క్రూ పూర్తిగా వదులు చేసి మొదలుపెట్టండి. అప్పుడు వచ్చేది యాక్చుయేటర్ స్ప్రింగ్ బూస్టే, ఈ కార్లో 5-6 పీఎస్ఐ. అంతకన్నా తగ్గించడం ఏ కంట్రోలర్ వల్లా కాదు. ఆపై ఒక్కో అర చుట్టు బిగిస్తూ, ప్రతిసారీ ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 2,500 ఆర్పీఎం నుంచి ఫుల్ థ్రాటిల్ లాగి లాగ్ (ఈసీయూ రీడింగుల రికార్డు) తీయాలి. వీసీడీఎస్ అనే డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్‌లో 115 బ్లాక్‌లో ఈసీయూ అడిగిన బూస్టు, వచ్చిన బూస్టు పక్కపక్కనే కనిపిస్తాయి. అంతకన్నా ముఖ్యమైనది 020 బ్లాక్: నాక్ (వేడికి పెట్రోల్ తనంతట తానే పేలడం) వల్ల ఈసీయూ ఏ సిలిండర్‌లో ఎన్ని డిగ్రీల స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతోందో అందులో ఉంటుంది. రెండు మూడు డిగ్రీలైతే పర్వాలేదు. ఆరు దాటితే స్క్రూ వెనక్కి తిప్పాల్సిందే. వైడ్‌బ్యాండ్ మీటర్ ఉంటే అది చూపే గాలి-పెట్రోల్ నిష్పత్తి ఫుల్ బూస్ట్‌లో 11.5-12 మధ్య ఉండాలి. ప్లగ్గులు ఎన్జీకే బీకేఆర్7ఈ, గ్యాప్ 0.7 మిల్లీమీటర్లు; గ్యాప్ ఎక్కువైతే బూస్ట్‌లో మిస్ కొడుతుంది.

రీమ్యాప్ లేని కార్లో ఇది దాదాపు దండగ. ఈసీయూ అడిగిన దానికన్నా బూస్ట్ మించగానే థ్రాటిల్ తనే మూసుకుంటుంది. ఇంకాస్త మించితే పీ0234 (ఓవర్‌బూస్ట్) కోడ్ పడి, పవర్ బాగా తగ్గించేసే లింప్ మోడ్‌లోకి పోతుంది. ఈసీయూ బూస్ట్‌ను నియంత్రించే కంపెనీ ఎన్75 వాల్వ్ హోసులు తీసేసినా దాని కనెక్టర్ మాత్రం ఊడదీయకండి, వేరే కోడ్ వస్తుంది.

ఇక ఎండ సంగతి. జనవరి తెల్లవారుజామున 15 పీఎస్ఐ దగ్గర లాగ్ శుభ్రంగా వచ్చిందని అలాగే వదిలేస్తే, మేలో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నిలబడి లేచిన కారుకు అదే బూస్ట్ నాక్ తెస్తుంది. కంపెనీ ఇంటర్‌కూలర్ చిన్నది, ఫెండర్ మూలన దాక్కుని ఉంటుంది, గాలి తగలదు. ఈ ఊళ్లో 95 ఆక్టేన్ పెట్రోల్‌తో 12-13 పీఎస్ఐ దగ్గర ఆపితే ఏడాదంతా నిశ్చింత. చలికాలంలో గేజు అర పీఎస్ఐ ఎక్కువ చూపించినా కంగారు అక్కర్లేదు. 5,500 ఆర్పీఎం దాటాక బూస్ట్ కాస్త జారడం కె03 స్వభావం, దాన్ని నిలబెట్టాలని స్క్రూ బిగించడం వృథా. బాగా జారుతుంటే మాత్రం యాక్చుయేటర్ రాడ్ ప్రీలోడ్ (గేటును మూసి పట్టే బిగువు) చూడాలి.

ఇన్నాళ్లకు బయటపడ్డ లోపాలు మూడు. ఆయిల్ ఆవిరి పట్టి గోళీ అతుక్కుంటుంది, బూస్ట్ ఒకరోజు ఒకలా మరోరోజు ఇంకోలా వస్తుంది. ఆయిల్ మార్చినప్పుడల్లా విప్పి కార్బ్ క్లీనర్‌తో కడిగి ఆరబెడితే చాలు. లాక్‌నట్ అదురుకు వదులవుతుంది, పెయింట్ గీత పెడితే కదిలిందో లేదో చూడగానే తెలుస్తుంది. అసలు ప్రమాదం హోసుతోనే: ఎగ్జాస్ట్ వేడికి చివర్లు పగులుతాయి, జిప్ టైలు పెళుసెక్కి తెగుతాయి. యాక్చుయేటర్ హోసు ఊడితే గేటు మూసుకునే ఉండిపోతుంది, బూస్ట్ అదుపు తప్పుతుంది. రెండు చివర్లకూ ఇనుప క్లిప్పులు వేసి, 4 మిల్లీమీటర్ల సిలికాన్ హోసును వీలైనంత పొట్టిగా, మానిఫోల్డ్‌కి దూరంగా తిప్పండి. గేజు ముల్లు ఎప్పుడైనా మామూలు కన్నా పైకి పోతే వెంటనే కాలు తీసేసి, పక్కకు ఆపి ముందు ఆ హోసే చూడండి.