మయోర్కాలో వారం రోజులు, సంతల వెంట నలుగురం

మా నలుగురిలో ఈత వచ్చింది ఒక్కదానికే. అయినా స్పెయిన్‌లోని మయోర్కా దీవికే వెళ్లాం. వరంగల్‌లో ఇంజినీరింగ్ అయిపోయాక అందరం ఒకచోట చేరడం ఇదే మొదటిసారి. మ్యూనిక్‌లో నేను, లండన్‌లో ఒకతి, డబ్లిన్‌లో ఒకతి. మూడు చోట్ల నుంచీ దీవి ముఖ్యపట్టణం పాల్మాకి నేరుగా విమానాలున్నాయి. నాలుగోది హైదరాబాద్‌లో లెక్చరర్, పక్కా శాకాహారి. జర్మనీ రెసిడెన్స్ కార్డు ఉంది కాబట్టి నాకు వీసా గొడవ లేదు. లండన్, డబ్లిన్‌లలో ఉన్నా భారతీయ పాస్‌పోర్టే కాబట్టి ఆ ఇద్దరూ, మా లెక్చరమ్మా షెంగెన్ వీసా తీసుకోవాల్సిందే. అపాయింట్‌మెంట్లు దొరికేసరికి జులై కాస్తా సెప్టెంబర్ చివరికి జరిగింది. అదే మంచిదైంది. ఎండ తగ్గింది, సముద్రం మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది.

ప్లాన్ అంతా సంతలను బట్టే వేసుకున్నాం. మయోర్కాలో ఒక్కో ఊరికి ఒక్కో సంత రోజు. బుధవారం సినేవు, గురువారం ఇంకా, శనివారం సోయెర్, ఆదివారం పొయెన్సా. 'ఇంకా' అనేది నిజంగానే ఊరి పేరు, తోలు వస్తువులకు ప్రసిద్ధి. "ఇంకా వెళ్లలేదేంటే?" అన్న జోకు వారమంతా నడిచింది కానీ ఆ ఊరు మాత్రం చూడలేదు.

ముందు నాలుగు రాత్రులు పాల్మాలో ఉన్నాం. ఎయిర్‌పోర్టు నుంచి ఏ1 బస్సు ఎక్కితే ఊరి మధ్యలో ప్లాసా ఎస్పాన్యా దగ్గర దింపుతుంది, టాక్సీ అక్కర్లేదు. వంటిల్లు ఉన్న ఫ్లాట్ కోసం వెతికాం గానీ, పాల్మాలో ఫ్లాట్లను పర్యాటకులకు అద్దెకివ్వడం 2018 నుంచి నిషేధం. ఎవరైనా చవకగా ఇస్తామంటే లైసెన్సు నంబరు అడగండి. చివరికి పాతబస్తీలో చిన్న లాడ్జి లాంటిది తీసుకున్నాం. గది శుభ్రం, బాల్కనీ ముద్దొచ్చేలా ఉంది. కానీ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆ ముక్క బుకింగ్ పేజీలో ఎక్కడా రాయలేదు. హైదరాబాద్ నుంచి పచ్చళ్లతో సహా వచ్చిన ఇరవై మూడు కిలోల పెట్టెను నలుగురం కలిసి మోశాం. పైగా పక్క వీధి చర్చి గంట పావుగంటకోసారి మోగేది. మనిషికి రాత్రికింత అని టూరిస్టు పన్ను కూడా ఉంటుంది. అది మా నుంచి దిగేటప్పుడు విడిగా తీసుకున్నారు. మళ్లీ వెళ్తే పాల్మాలో రెండు రాత్రులు చాలు.

పాల్మాలో తప్పక చూడాల్సింది లా సేవు, అంటే పెద్ద చర్చి. 1229లో జౌమె రాజు దీవిని జయించాక మొదలుపెట్టిన కట్టడం. పొద్దున్నే వెళ్లండి. వెయ్యికి పైగా రంగు గాజు ముక్కలున్న గుండ్రటి కిటికీలోంచి వెలుగు పడి స్తంభాలన్నీ ఎరుపూ నీలమూ అయిపోతాయి. ఆదివారం పర్యాటకులను లోపలికి పంపరు. మెర్కట్ దె లోలివార్ అనే పెద్ద మార్కెట్టుకీ ఆదివారం సెలవే. చేపలు తినే మా ఇద్దరం అక్కడే ఒక మధ్యాహ్నం గడిపేశాం.

మొదటి రోజు పొద్దున్నే ఒక తప్పు జరిగింది. ఎన్సైమాడా అని చక్కెర పొడి చల్లిన చుట్టలాంటి మెత్తటి రొట్టె, ఇక్కడ ప్రతి బేకరీలోనూ ఉంటుంది. ఎయిర్‌పోర్టులో జనం దాన్ని అట్టపెట్టెల్లో మోసుకుపోతుంటారు. మా లెక్చరమ్మ రెండు తిని, "నెయ్యి బాగా వేశారే" అని మెచ్చుకుంది. డబ్లిన్ పిల్ల ఫోన్‌లో చూసి నెమ్మదిగా చెప్పింది: 'సయిమ్' అంటే పంది కొవ్వు, ఆ రొట్టె పేరే దాన్నుంచి వచ్చింది. ఒక గంట ఎవరితోనూ మాట్లాడలేదు పాపం. ఆ తర్వాత ఏ మెనూ అయినా ముందు తనే చదివేది. శాకాహారులకు రెండు పేర్లు చెప్తాను. పాంబోలి అంటే రొట్టెకి టమాటా రుద్ది ఆలివ్ నూనె పోసిచ్చేది, హామ్ లేకుండా అడగాలి. తుంబెట్ అంటే బంగాళాదుంప, వంకాయ, ఎర్ర క్యాప్సికమ్ వేయించి పొరలుగా పేర్చి, పైన టమాటా గుజ్జు పోసేది. మన వంకాయ కూరకి దూరపు చుట్టం. దాంట్లో ఆవకాయ నంజుకుని తిన్న మనుషులు ఆ దీవిలో మేమే అయ్యుంటాం.

సినేవు సంతకి రైల్లో వెళ్లాం. పాల్మా నుంచి గంటలోపే. ఈ సంతకి రాజు అనుమతి ఇచ్చింది 1306లోనట. పశువులు కూడా అమ్మే సంత ఇది. గొర్రెలు, మేకలు, కోళ్లు, పంజరాల్లో కుందేళ్లు. వాసన చూడగానే లండన్ పిల్ల "అచ్చం మా జనగామ అంగడే!" అంది. పైన చర్చి చుట్టూ ఉన్న సందుల్లో మాత్రం టూరిస్టుల కోసం పెట్టిన బ్యాగులు, టోపీలు ఎక్కువ. వాటిని దాటి కూరగాయల వైపు పోవాలి. అక్కడ టమాటాలను కాడల దగ్గర దారానికి గుచ్చి, మల్లెపూల దండలా కాదు, జొన్న కంకుల గుత్తుల్లా వేలాడదీశారు. చిన్నవి, తోలు మందం. అలా వేలాడదీస్తే నెలల తరబడి పాడవ్వవట. పాంబోలికి రుద్దేది వీటినే. ఒక పెద్దావిడ చితక్కొట్టిన పచ్చి ఆలివ్‌లను సోంపు మొక్క రెమ్మలతో ఉప్పునీళ్లలో ఊరబెట్టి అమ్ముతోంది. నేను వచ్చిన స్పానిష్‌తో మొదలుపెడితే ముక్తసరిగా జవాబిచ్చింది. వెళ్తూ మయోర్కా వాళ్ల మాటలో "బోన్ దియా" అంటే చేతిలో ఇంకో గరిటెడు వేసింది. సంత పన్నెండు లోపే చూసేయండి. ఒంటిగంటన్నరకి సర్దేస్తారు. తర్వాత ఊరు ఊరంతా ఐదింటి వరకు నిద్రపోతుంది.

శుక్రవారం సోయెర్‌కి చెక్క రైలెక్కాం. 1912 నాటిది. ట్రముంటానా కొండల్లో పదమూడు సొరంగాల గుండా పోతుంది. బాగుంది కానీ టికెట్టు ఖరీదు. కొండ కింది సొరంగం గుండా బస్సు చాలా తక్కువకి, అరగంటలో దింపుతుంది. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు సరైన లెక్క. బస్సులో బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, దిగేటప్పుడు మళ్లీ తాకించడం మర్చిపోకండి. సోయెర్ స్టేషన్‌లోనే పికాసో చేసిన మట్టి పాత్రలు పెట్టారు, చాలామంది చూడకుండానే రేవుకి వెళ్లే ట్రాముకి పరిగెడతారు. వాల్దెమోసా కూడా చూశాం. సంగీతకారుడు షోపాన్ 1838-39 చలికాలం గడిపిన మఠం ఉన్న ఊరు. అందమైన ఊరే, నడవడానికి చోటుంటే. నా మాట వింటే దాన్ని వదిలేసి సోయెర్‌లో ఇంకో గంట కూర్చుని నారింజ రసం తాగండి.

శనివారం కారు తీసుకున్నప్పుడు అసలు టెన్షన్ వచ్చింది. ఇంటర్నెట్‌లో చాలా చవగ్గా కనిపించిన కంపెనీ. పేరెందుకులెండి. కౌంటర్‌లో క్రెడిట్ కార్డే కావాలి, అదీ డ్రైవర్ పేరు మీదే ఉండాలి అన్నారు. బండి నడిపేది నేను, నా దగ్గరున్నది డెబిట్ కార్డు. లేకపోతే పూర్తి ఇన్సూరెన్స్ కొనమన్నారు. అది కారు అద్దెకంటే ఎక్కువైంది. ముక్కు పిండి కట్టించుకున్నారు. షరతుల పేజీ ముందే చదివి ఉంటే సరిపోయేది.

కానీ ఆ కారు పొయెన్సాకి చేర్చింది కాబట్టి తిట్టుకోవడం అక్కడితో ఆపేశాం. అక్కడ మూడు రాత్రులకి తీసుకున్న రాతి ఇల్లు నాకు ఈ ప్రయాణం మొత్తంలో బాగా నచ్చింది. గోడలు మందం, ఏసీ లేకపోయినా చల్లన, వంటింట్లో పెద్ద బల్ల. తలా ఇంతని పంచుకుంటే పాల్మా గది కంటే తక్కువే పడింది. ఆదివారం తలుపు తీస్తే సంత. అత్తిపండ్లు, కొత్త బాదం, మేక జున్ను కొనుక్కొచ్చి మధ్యాహ్నం దాకా తింటూనే ఉన్నాం. సాయంత్రం కొండ మీది చిన్న చర్చికి పోయే కల్వారి మెట్లు ఎక్కాం, 365 అంటారు. లెక్చరమ్మ లెక్కపెట్టడం మొదలుపెట్టి నూట నలభై దగ్గర మాటల్లో పడి మర్చిపోయింది. బీచ్‌కి వెళ్లింది ఒక్కపూటే, కాలా సాన్ విసెన్స్‌కి. ఈత వచ్చినది ఈదింది, మిగతా ముగ్గురం గట్టు మీద కూర్చుని బ్యాగులకు కాపలా కాశాం.

సోమవారం ఆ ఊళ్లోనే నేత మిల్లుకి వెళ్లాం. సంతలో, కేఫ్ కుర్చీల మీద, కిటికీ తెరల మీద ఒకే రకం బట్ట కనిపిస్తోంది, తెల్లటి నేల మీద నీలి మంటల్లాంటి గీతలు. 'యెంగ్వెస్' అంటారు, అంటే నాలుకలు. దగ్గరికెళ్లి అంచు పట్టుకుని చూస్తే గీత కొస నీళ్లలో పాకినట్టు చెదిరి ఉంది. నాకు గుండె ఝల్లుమంది. ఇది అచ్చు వేసిన బట్ట కాదు. నేయకముందే నూలుకి ముడులు కట్టి రంగులో ముంచినది. మా అమ్మమ్మది పోచంపల్లి దగ్గరి ఊరు. సైకిల్ ట్యూబు ముక్కలతో నూలు పోగులకు చిటికి కట్టడం, రంగులో ముంచడం, విప్పితే కట్టు కింద తెల్లగా మిగలడం చూస్తూ పెరిగినదాన్ని.

రెండు మీటర్లు కొన్నాను. రాత్రి అమ్మమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని, "అటు తిప్పు బిడ్డా" అంది. తిప్పాను. రెండు వైపులా ఒకేలా ఉంది. కాసేపు చూసి, "నేత మంచిగనే ఉంది. చిటికి గట్టిగ పడలే, రంగు పాకింది" అంది. తర్వాత మీటరుకెంత అని అడిగింది. సగం ధర చెప్పాను.

"అంత పెట్టి కొన్నవా!" అంది.